మైసూరు రాకెట్లను కాంగ్రీవ్ కాపీ కొట్టాడా?

గుత్తికోట | శనివారం రాత్రి 9:12

మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. ప్రపంచంలో తొలి రాకెట్ టిప్పు సుల్తానే కనిపెట్టాడట. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఎత్తుకుపోయి, దాంతోనే నెపోలియన్‌ని ఓడించారట. కింద బోలెడు మెసేజ్‌లు, అన్నీ టిప్పు దేవుడా దయ్యమా అన్నదాని మీదే. రాకెట్ ఊసు ఎవడూ ఎత్తలేదు.

నాకు ఆ గొడవ అక్కర్లేదు. ఇక్కడ చదువుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మైసూరు రాకెట్‌లో కొత్తదనం ఏమిటి? యుద్ధంలో అది నిజంగా పనిచేసిందా, లేక ఉత్త చప్పుడేనా? విలియం కాంగ్రీవ్ అనే ఇంగ్లీషాయన దాన్ని మక్కీకి మక్కీ దించేశాడా? మా గుత్తి కోట కూడా 1776లో మురారిరావు ఘోర్పడే చేతిలోంచి టిప్పు తండ్రి హైదర్ అలీ చేతికి పోయింది కాబట్టి నాకు ఈ కథ మీద ఆసక్తి కాస్త ఎక్కువే.

---

పాతరాతిపలక | శనివారం రాత్రి 9:40

తొలి రాకెట్ టిప్పుది కాదు. ముందు ఆ ముక్క గ్రూపులో పడేయండి.

చైనాలో 1044 నాటి సైనిక గ్రంథంలోనే మందుగుండు పాళ్లు రాసి ఉన్నాయి. 1232లో మంగోలులు కైఫెంగ్ నగరాన్ని ముట్టడించినప్పుడు లోపలున్న జిన్ సైన్యం "ఎగిరే నిప్పు ఈటెలు" వాడిందని వాళ్ల చరిత్ర చెబుతుంది. అవి రాకెట్లా, లేక చేత్తో పట్టుకుని ఎదుటివాడి మీదికి మంట చిమ్మించే గొట్టాలా అని పండితులు ఇప్పటికీ జుట్లు పట్టుకుంటున్నారు. నేను రెండో పక్షం. ఆ వర్ణనలో మంట పది అంగల దూరం ముందుకు కొట్టేదని ఉంది. గాల్లో లేచి అవతల పడే వస్తువు గురించి ఎవరూ అలా రాయరు.

కొరియా దగ్గర మాత్రం ఏ అనుమానమూ లేదు. సేజోంగ్ రాజు ఏలుబడిలో, 1448 నాటికి, సింగిజోన్ అనే రాకెట్ బాణాలు ఉన్నాయి. హ్వాచా అనే రెండు చక్రాల బండి మీద వాటిని వరుసగా పేర్చి ఒకేసారి వదిలేవాళ్లు. 1593లో హేంగ్జు కోట మీదికి వచ్చిన జపాన్ సైన్యం వీటి రుచి చూసింది. అంటే కొరియా రాకెట్లు టిప్పు పుట్టడానికి 300 ఏళ్ల ముందువి.

ఇక మన దగ్గర. 1443లో విజయనగరం వచ్చిన అబ్దుల్ రజాక్ మహర్నవమి సంబరాల్లో బాణసంచా చూసి రాసుకున్నాడు. మొఘలులు, మరాఠాలు యుద్ధాల్లో "బాణ్" అనే రాకెట్లు వాడారు. హైదర్ అలీ తండ్రి ఫతే మహమ్మద్ ఆర్కాటు నవాబు కొలువులో వెదురు రాకెట్లు వేసే యాభై మందికి నాయకుడు. టిప్పు చేతికి రాకెట్ వచ్చేసరికి అది వాళ్ల ఇంట్లో మూడో తరం సరుకు.

---

మందుగుండు_సుబ్బు | శనివారం రాత్రి 10:05

మా ఇంట్లో తాత, నాన్న తీర్థాలకు బాణసంచా కట్టేవాళ్లు. ఇప్పుడు మానేశాం. లైసెన్సు, టెన్షన్, మనుషులు దొరక్కపోవడం, అన్నీ కలిసొచ్చాయి. అందుకని వెదురు, కాగితం గొట్టాల సంగతి కాస్త చెప్పగలను.

తారాజువ్వ ప్రాణమంతా కూరడంలో ఉంటుంది. మందు వదులుగా ఉంటే సందుల్లోంచి నిప్పు లోపలికి దూరి ఒక్కసారిగా పేలుతుంది. గట్టిగా దట్టిద్దామంటే కాగితం గొట్టం చీలుతుంది. మా తాత కొయ్య సుత్తితో ఒక్కో దెబ్బ వేసి, గొట్టాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పి చూసేవాడు. వేలికి ఎక్కడైనా ఉబ్బు తగిలితే మాట్లాడకుండా పక్కన పడేసేవాడు. దాన్ని ఎండబెట్టి మళ్లీ వాడదామని మా నాన్న అంటే తిట్లే తిట్లు. అంత జాగ్రత్తగా చేసినా వానాకాలం నిలవ ఉంచితే సురేకారం చెమ్మ పట్టి సగం జువ్వలు తుస్సుమనేవి.

ఇనుప గొట్టం ఇచ్చి ఉంటే ఆయన కడుపునిండా మందు దట్టించేవాడు. అయితే ఇనుములో కూరేటప్పుడు ఒక్క రవ్వ లేచినా ఇల్లు లేచిపోతుంది, అది వేరే సంగతి.

---

ఘన_ఇంధనం | శనివారం రాత్రి 10:48

సుబ్బు గారూ, మీ తాతగారు వేలితో చూసినదాన్నే మేము ల్యాబ్‌లో మీటర్లు పెట్టి చూసేవాళ్లం. ఇదే పనిలో రిటైరయ్యాను. గుత్తికోట గారి మొదటి ప్రశ్నకు జవాబు సరిగ్గా ఇక్కడే ఉంది.

నల్లమందు, అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పొడి, చుట్టూ ఒత్తిడి పెరిగేకొద్దీ వేగంగా మండుతుంది. వేగంగా మండితే వాయువు ఎక్కువ పుడుతుంది, దాంతో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఆ ఒత్తిడే వెనక సన్నటి దారిలోంచి వాయువును తోసి రాకెట్‌ను ముందుకు నెడుతుంది. కాబట్టి గొట్టం ఎంత ఒత్తిడి తట్టుకుంటే అంత దూరం. కాగితం, వెదురు తట్టుకునేది తక్కువ. మైసూరువాళ్లు గొట్టాన్ని ఇనుముతో చేశారు. వాళ్ల కొత్తదనమంతా ఈ ఒక్క మార్పులో ఉంది. వినడానికి చిన్నదే. కానీ ఆ కాలంలో యూరప్‌లో ఎవరి దగ్గరా యుద్ధానికి పనికొచ్చే ఇనుప గొట్టం రాకెట్ లేదు.

లండన్ పక్కన వుల్విచ్‌లోని ఫిరంగిదళం మ్యూజియంలో రెండు మైసూరు రాకెట్లు ఉండేవి. అంతరిక్ష శాస్త్రవేత్త రొద్దం నరసింహ గారు వాటిని పరిశీలించి 1985లో ఒక పత్రం రాశారు. ఒకదాని గొట్టం వ్యాసం 58 మి.మీ., పొడవు 254 మి.మీ. దాన్ని మీటరు పైచిలుకు పొడవున్న కత్తికి కట్టారు. రెండోది చిన్నది, 37 మి.మీ. వ్యాసం, 198 మి.మీ. పొడవు. దాన్ని తోలు పట్టీలతో దాదాపు 1.9 మీటర్ల వెదురు బద్దకు బిగించారు. ఈ కత్తి కట్టిన రకాన్ని కాస్త ఊహించుకోండి. మందు అయిపోయాక రాకెట్ సోలిపోయి గిరగిరా తిరుగుతూ కిందపడుతుంది. కింద గుర్రాల దళం ఉంటే ఆ కత్తి ఎవరి మీద ఎటు పడుతుందో ఎవరికీ తెలియదు, వేసినవాడితో సహా.

దూరం విషయంలో రకరకాల అంకెలు తిరుగుతున్నాయి. సుమారు ఒక కిలోమీటరు అనుకుంటే తప్పులేదు, కొన్ని అంతకంటే దూరం పోయి ఉండొచ్చు.

---

నిర్మల్_పెన్ | శనివారం రాత్రి 11:02

మా నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు అప్పట్లో పర్షియా దాకా పోయేది కదా సార్. ఈ గొట్టాలు ఆ ఉక్కుతోనే చేసి ఉంటారా? ఒక యూట్యూబ్ వీడియోలో గట్టిగా చెప్పారు.

---

ఘన_ఇంధనం | శనివారం రాత్రి 11:15

లేదండీ. కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కత్తులకు, అంచు పదునుకు. అది గట్టిది, పెళుసు కూడా. రాకెట్ గొట్టానికి కావలసింది సుత్తితో కొడితే రేకులా సాగి, గుండ్రంగా వంగే మెత్తని ఇనుము. మైసూరు గొట్టాలు అలాంటివే, పని కూడా మొరటుగానే ఉంటుంది. ఊరి కమ్మరి చేయగలిగిన వస్తువు కాబట్టే వేలల్లో తయారైంది. కత్తి చేసే ఉక్కుతో చేసి ఉంటే మైసూరు ఖజానా ఖాళీ అయ్యేది.

---

కృష్ణాతీరం | ఆదివారం ఉదయం 7:30

"యుద్ధంలో పనిచేసిందా" అన్నదానికి అందరూ చెప్పే ఉదాహరణ కంచి దగ్గరి పొల్లిలూరు యుద్ధం, 1780 సెప్టెంబరు 10. ఆ కథ మా గుంటూరులో మొదలవుతుందని చాలామందికి తెలియదు.

1779లో ఇంగ్లీషువాళ్లు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌తో ఒప్పందం చేసుకుని గుంటూరు సర్కారు తీసుకున్నారు. బదులుగా ఆదోనిలో ఉన్న ఆయనకు సైన్యం పంపాలి. ఆ దారి హైదర్ అప్పుడే పట్టుకున్న కడప సీమ మీదుగా పోతుంది. అడగకుండా సైన్యాన్ని నడిపించారు, హైదర్ మనుషులు అడ్డుపడ్డారు. అటు తమ్ముడితో నేరుగా బేరం కుదుర్చుకున్నందుకు నిజాం మండిపడ్డాడు. ఇటు పడమటి తీరంలో మాహే రేవును ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కున్నందుకు హైదర్ మండిపడ్డాడు. 1780 జులైలో హైదర్ ఆర్కాటు మీద విరుచుకుపడ్డాడు.

అప్పుడు గుంటూరు దళాన్ని కల్నల్ విలియం బెయిలీ చేతికిచ్చి వెనక్కి పిలిచారు. కంచిలో ఉన్న హెక్టర్ మన్రో సైన్యాన్ని కలవాలి. ఆగస్టు 25న కొర్తలయార్ ఏటి ఒడ్డుకు చేరాడు. నీళ్లు దాటే లోతులోనే ఉన్నాయి. పొద్దున దాటొచ్చులే అని ఈ ఒడ్డునే దిగాడు. రాత్రికి వాన పడి ఏరు పొంగింది. సెప్టెంబరు 4 దాకా కదల్లేకపోయాడు. ఆ వ్యవధిలో టిప్పు వచ్చి మధ్యలో కూర్చున్నాడు.

మన్రో పంపిన కల్నల్ ఫ్లెచర్ మనుషులు కలిశాక బెయిలీ దగ్గర దాదాపు 3,800 మంది ఉన్నారు. 10వ తేదీ తెల్లవారాక పొల్లిలూరు దగ్గర ముందు టిప్పు, వెనక హైదర్ చుట్టుముట్టారు. ఫిరంగులు, రాకెట్లు రెండూ కురిశాయి. మందుగుండు బండ్లు పేలిపోయాయి. చేతిలో తూటాలు లేని సైన్యం గుర్రాల దళం ముందు ఎంతసేపు నిలబడుతుంది? ఫ్లెచర్ చచ్చిపోయాడు, బెయిలీ పట్టుబడి 1782లో శ్రీరంగపట్నం చెరలోనే పోయాడు. కొన్ని మైళ్ల దూరంలో కంచిలో ఉన్న మన్రో ఆ ఫిరంగుల మోత విని కూడా వేళకు రాలేకపోయాడు. తన పెద్ద ఫిరంగులను కోనేట్లో పడేసి మద్రాసు దారి పట్టాడు.

శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీద ఈ యుద్ధం బొమ్మ ఇప్పటికీ ఉంది. పల్లకీలో కూర్చుని వేలు కొరుక్కుంటున్న బెయిలీని, పేలుతున్న బండిని వెతికి చూడండి.

---

తుంగభద్ర | ఆదివారం ఉదయం 8:10

రాయలసీమవాళ్లు కంగారు పడకండి. ఈ హెక్టర్ మన్రో మన దత్తమండలాల థామస్ మన్రో కాదు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నదీ, పత్తికొండలో 1827లో కలరాతో పోయినదీ థామస్. అయితే కుర్ర ఆఫీసరుగా ఆ థామస్ కూడా 1780లో హెక్టర్ సైన్యంలోనే ఉన్నాడు.

---

పాతరాతిపలక | ఆదివారం ఉదయం 9:25

> ఫిరంగులు, రాకెట్లు రెండూ కురిశాయి. మందుగుండు బండ్లు పేలిపోయాయి.

కృష్ణాతీరం గారు జాగ్రత్తగా రాశారు, మెచ్చుకుంటున్నా. ఫార్వర్డుల్లో "రాకెట్ తగిలి బండ్లు పేలాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. హైదర్ దగ్గర లాలీ అనే ఫ్రెంచి అధికారి ఫిరంగి దళం కూడా ఉంది. బండికి తగిలింది అతని గుండని కొందరు, రాకెట్ అని కొందరు రాశారు. ఆ పొగలో నిలబడినవాడికి ఎలా తెలుస్తుంది?

నా లెక్కలో పొల్లిలూరును గెలిపించింది రాకెట్ కాదు. బెయిలీని ఏరు పదిరోజులు ఆపింది, మన్రో కంచి వదిలి వేళకు కదల్లేదు, హైదర్ మనుషులు సంఖ్యలో ఎన్నో రెట్లు. రాకెట్ లేకపోయినా బెయిలీ పని అయిపోయేదే.

---

కృష్ణాతీరం | ఆదివారం ఉదయం 9:50

అక్కడ నేను ఒప్పుకోను. సంఖ్యలో ఎన్నో రెట్లు ఉన్న సైన్యాలను చతురస్రం కట్టి నిలబడ్డ సిపాయిలు తిప్పికొట్టిన సందర్భాలు బోలెడు. ఆ చతురస్రం చెదిరితేనే గుర్రం లోపలికి వస్తుంది. రాకెట్ పని మనిషిని చంపడం కాదు, వరుసను చెదరగొట్టడం. బండి లాగే ఎద్దులకు, గుర్రాలకు ఆ బుస్సుమనే చప్పుడు, నేల మీద పాకే నిప్పు చాలు.

---

పాతరాతిపలక | ఆదివారం ఉదయం 10:02

ఎద్దుల సంగతి ఒప్పుకుంటా. సిపాయిల సంగతి కాదు.

---

షిమోగా_అల్లుడు | ఆదివారం మధ్యాహ్నం 12:20

మా అత్తగారి ఊరు శివమొగ్గ. అక్కడి శివప్ప నాయక మ్యూజియంలో ఈ రాకెట్లు కళ్లారా చూశాను.

2018లో హొసనగర తాలూకా నగర అనే ఊళ్లో పాడుబడ్డ బావి తవ్వితే వెయ్యికి పైగా దొరికాయి. 2002లో అక్కడే 160 దాకా దొరికాయి. బావి మట్టికి మందుగుండు వాసన రావడం వల్లే తవ్వారట. ఒకప్పటి బిదనూరు అదే. 1763లో హైదర్ పట్టుకుని తన పేరుతో హైదర్‌నగర్ అన్నాడు.

చూడటానికి గొప్పగా ఏమీ ఉండవు. పాత ఇనుప సామాను కొట్టు బయట పడేసిన పైపు ముక్కల్లా ఉంటాయి. తుప్పు పొరలు పొరలుగా లేచి, ఒకవైపు మూసి, రెండోవైపు మట్టి గడ్డకట్టి ఉంది. నాతో వచ్చిన బామ్మర్ది "దీనికా బావా ఇంత దూరం" అన్నాడు. కానీ ఒక్కో గొట్టం అంచు దగ్గర సుత్తి దెబ్బల ఆనవాళ్లు కనబడతాయి. అక్కడ కాసేపు నిలబడిపోయాను.

లోపల సురేకారం, బొగ్గు, మెగ్నీషియం పొడి ఉన్నాయని అప్పట్లో పేపర్లో చదివాను.

---

ఘన_ఇంధనం | ఆదివారం మధ్యాహ్నం 1:05

అల్లుడు గారూ, ఆ మెగ్నీషియం వార్త నేనూ చదివి ముక్కు మీద వేలేసుకున్నా. మెగ్నీషియాన్ని లోహంగా విడదీసింది హంఫ్రీ డేవీ, 1808లో. టిప్పు పోయింది 1799లో. మట్టిలో, సున్నంలో మెగ్నీషియం లవణాలు ఎక్కడైనా ఉంటాయి. పరీక్షలో ఆ మూలకం కనబడితే విలేఖరి "పొడి" అని రాసేసి ఉంటాడు. ఇంకో ఫార్వర్డ్ పుట్టకముందే చెబుతున్నా.

---

అడ్మిన్ | ఆదివారం మధ్యాహ్నం 2:30

టిప్పు మతవిధానం మీద వచ్చిన పోస్టులు తీసేశాను. ఆ చర్చకు వేరే దారం (థ్రెడ్) ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ రాకెట్ గురించే.

---

చార్మినార్_చాయ్ | ఆదివారం సాయంత్రం 4:15

అందరూ హైదర్, ఇంగ్లీషువాళ్ల గురించే మాట్లాడుతున్నారు. 1799లో శ్రీరంగపట్నం మీదికి పోయిన సైన్యంలో మా హైదరాబాదు నిజాం ఫౌజు కూడా ఉంది భాయ్, మీర్ ఆలం నాయకత్వంలో. దానికి తోడుగా ఇంగ్లీషు 33వ పటాలాన్ని ఇచ్చి, మొత్తం మీద కల్నల్ ఆర్థర్ వెల్లెస్లీని పెట్టారు. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్ ఆయనే.

ఏప్రిల్ 5 రాత్రి శ్రీరంగపట్నం బయట సుల్తాన్‌పేట తోపు పట్టుకోమని ఆయన్ని పంపారు. కటిక చీకటి, తోపు నిండా కాలువలు, పగలు వెళ్లి చూసి రాలేదు. లోపలికి అడుగుపెట్టగానే నాలుగువైపుల నుంచి రాకెట్లు, తుపాకీలు. దళం చిందరవందరైంది. వెల్లెస్లీ మోకాలికి దెబ్బ తగిలి, చీకట్లో తడుముకుంటూ వెనక్కి వచ్చాడు. మర్నాడు పొద్దున ఫిరంగులు తీసుకుపోయి అదే తోపును తేలిగ్గా పట్టుకున్నాడు. రాకెట్ బలం, బలహీనత రెండూ ఈ ఒక్క రోజులో తెలుస్తాయి. రాత్రి రాజు, పగలు ఏమీ కాదు.

ఇంకో ముక్క. మే 2న ఇంగ్లీషు ఫిరంగి గుండొకటి కోట లోపలి రాకెట్ల గోదాములో పడి అది కాస్తా పేలిపోయింది. 4న కోట పడింది, టిప్పు చనిపోయాడు. ఆ రోజు దాడికి ముందు నడిచిన డేవిడ్ బెయిర్డ్ ఎవరనుకున్నారు? పొల్లిలూరులో పట్టుబడి మూడేళ్లకు పైగా అదే శ్రీరంగపట్నం చెరలో సంకెళ్లతో ఉన్నవాడు.

---

తుంగభద్ర | ఆదివారం సాయంత్రం 4:50

ఆ యుద్ధంలోనూ, అంతకుముందు 1792లోనూ నిజాం వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప సీమలనే ఆయన 1800లో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు. కాబట్టి గుత్తికోట గారూ, ఆ కోట మీద జెండా మారడానికీ ఈ రాకెట్ల యుద్ధాలకూ నేరుగా చుట్టరికం ఉంది.

---

బాల్టిమోర్_బుజ్జి | ఆదివారం రాత్రి 8:05

ఇక కాంగ్రీవ్ దగ్గరికి వద్దాం. ఎంతసేపటి నుంచో కాచుకుని ఉన్నా.

కోట పడ్డాక ఇంగ్లీషువాళ్ల చేతికి 600 రాకెట్ వేసే సాధనాలు, పనికొచ్చే 700 రాకెట్లు, 9,000 ఖాళీ గొట్టాలు చిక్కాయి. కొన్ని వుల్విచ్ ఆయుధశాలకు చేరాయి. విలియం కాంగ్రీవ్ తండ్రి అక్కడి ప్రయోగశాలకు పెద్ద. కొడుకు 1804 ప్రాంతంలో పని మొదలుపెట్టాడు. మొదట లండన్ బాణసంచా అంగళ్లలో పెద్ద జువ్వలు సొంత డబ్బుతో కొని ఎంత దూరం పోతాయో చూశాడు. అయిదారువందల గజాలు దాటలేదు. అక్కడి నుంచి గొట్టం, మందు, కర్ర అన్నీ మార్చుకుంటూ వెళ్లి కొన్నేళ్లలో 32 పౌండ్ల రాకెట్‌ను దాదాపు 3,000 గజాలు పంపాడు. దాని ఇనుప గొట్టమే మూడున్నర అడుగులు, కర్ర 15 అడుగులు.

దొంగతనమా అంటే, భారతదేశంలో యుద్ధానికి రాకెట్లు వాడతారని తనకు తెలుసని ఆయనే రాశాడు. కాకపోతే అవి చిన్నవి, వెయ్యి గజాలు దాటవు అని చప్పరించేశాడు. అంటే అప్పు తెలుసు, పద్దు రాయలేదు.

మా ఇంటికి దగ్గర్లోనే ఫోర్ట్ మెక్‌హెన్రీ ఉంది. ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళతాను. 1814 సెప్టెంబరు 13, 14 తేదీల్లో ఇంగ్లీషు ఓడలు ఈ కోట మీద ఇరవై అయిదు గంటలు బాంబులు, కాంగ్రీవ్ రాకెట్లు వేశాయి. అమెరికా జాతీయగీతంలో వచ్చే రాకెట్ల ఎర్రటి వెలుగు అదే. అంత హంగామాకు కోటలో చనిపోయింది నలుగురు. గోడ మీద నిలబడి ఓడలున్న వైపు చూస్తే సంగతి అర్థమవుతుంది. కోట ఫిరంగులకు అందకుండా అంత దూరంలో లంగరు వేసి, ఊగే ఓడ మీద నుంచి రాకెట్ వేస్తే ఎక్కడ పడుతుంది? కానీ అంతకు మూడు వారాల ముందు బ్లేడెన్స్‌బర్గ్ దగ్గర ఇవే రాకెట్లు తల మీదుగా పోయేసరికి, యుద్ధం ఎరగని అమెరికా రైతు సిపాయిలు కాలికి బుద్ధి చెప్పారు. ఆ రాత్రే వాషింగ్టన్ తగలబడింది.

---

నిర్మల్_పెన్ | ఆదివారం రాత్రి 8:30

అబ్దుల్ కలాం గారు అమెరికాలో వాలప్స్ అనే నాసా రాకెట్ కేంద్రానికి వెళ్లినప్పుడు అక్కడ గోడ మీద టిప్పు రాకెట్ యుద్ధం పెయింటింగ్ చూశారట. అది నిజమేనా?

---

ఘన_ఇంధనం | ఆదివారం రాత్రి 8:41

నిజమే, ఆయనే రాసుకున్నారు. 1960ల మొదట్లో శిక్షణకు వెళ్లినప్పుడు.  

---

పాతరాతిపలక | ఆదివారం రాత్రి 9:30

నెపోలియన్‌ని రాకెట్లే ఓడించాయా అన్న దానికి కూడా ఒక దండం పెట్టేద్దాం.

1805లో ఇంగ్లీషువాళ్లు ఫ్రాన్స్‌లోని బూలోన్ రేవు మీద వేయబోతే గాలివాన చెడగొట్టింది. 1806 అక్టోబరు 8న మళ్లీ వెళ్లి అరగంటలో దాదాపు 2,000 వదిలారు. గురిపెట్టింది రేవులోని ఓడలకు, తగలబడింది ఊరు. 1807 సెప్టెంబరులో కోపెన్‌హాగన్. ఇక్కడ పుస్తకాల్లో తిరిగే అంకె 25,000 రాకెట్లు. ఓపిగ్గా లెక్కలు తీసినవాళ్లు దాదాపు 300 అని తేల్చారు. ఊరిని కాల్చింది చాలావరకు మోర్టారు గుండ్లే. ఫార్వర్డులు వాట్సాప్ కంటే పాతవి.

1813 లైప్‌జిగ్‌లో మాత్రం బాగా పనిచేశాయి. అంత పెద్ద యుద్ధంలో ఉన్న ఒకే ఒక్క ఇంగ్లీషు దళం కెప్టెన్ రిచర్డ్ బోగ్ రాకెట్ దళం. పౌన్స్‌డోర్ఫ్ ఊరి దగ్గర ఫ్రెంచి సైనికులు ఆ నిప్పు చూసి లొంగిపోయారు. ఆ రోజే బోగ్ తుపాకీ దెబ్బకు చనిపోయాడు. కృష్ణాతీరం గారూ, మీ "వరుస చెదరగొట్టడం" వాదనకు ఇది మంచి సాక్ష్యం, నేనే అందిస్తున్నా. పొల్లిలూరు మీద మాత్రం కదలను.

సుల్తాన్‌పేట తోపులో దెబ్బ తిన్న వెల్లింగ్టన్‌కు చివరిదాకా రాకెట్ మీద మంచి మాట రాలేదు. ఊళ్లు తగలబెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరావని, తనకు ఆ పని లేదని అనేవాడు. వాటర్లూకు ముందు, రాకెట్ దళం నడిపే కెప్టెన్ విన్‌యేట్స్‌ను రాకెట్లు గోదాములో పెట్టి మామూలు ఫిరంగులు తీసుకోమన్నాడు. అతని గుండె పగిలిపోతుందండీ అని ఎవరో అంటే, గుండె సంగతి తర్వాత, చెప్పింది చేయమనండి అన్న ధోరణిలో కసిరాడట. విన్‌యేట్స్ కొన్ని రాకెట్లు దాచుకుని వెళ్లి వేశాడు కూడా.

---

మందుగుండు_సుబ్బు | ఆదివారం రాత్రి 10:10

ఒక సందేహం. కర్ర గొట్టానికి పక్కనే కడతారు కదా. మా జువ్వలకైతే పర్లేదు, పైకి పోతే చాలు. ఒక చోటికే పోవాలంటే పక్కన కట్టిన కర్ర ఒకవైపు లాగదా? గాలి ఉన్న రోజు మా జువ్వలు గాలికి ఎదురు తిరిగి జనం మీదికి వచ్చేవి. తీర్థం కమిటీవాళ్లతో తగువులే తగువులు.

---

ఘన_ఇంధనం | ఆదివారం రాత్రి 10:55

సుబ్బు గారూ, కాంగ్రీవ్‌కు పదేళ్లు పట్టిన ప్రశ్న ఇది. కర్ర మీద గాలి తోస్తుంది కాబట్టి మండుతున్నంతసేపూ రాకెట్ ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది. 1815 నాటికి ఆయన కర్రను వెనక మధ్యలో బిగించి, చుట్టూ అయిదు రంధ్రాల్లోంచి మంట వచ్చేలా మార్చాడు. కాస్త నయమైంది, అంతే.

కర్రనే తీసేసినవాడు విలియం హేల్, 1844లో. మంట వచ్చే రంధ్రాలను ఓరగా పెట్టి రాకెట్ తనచుట్టూ తాను తిరుగుతూ పోయేలా చేశాడు. మెక్సికో మీద 1846లో మొదలైన యుద్ధంలో అమెరికావాళ్లు వాడారు. ఇంగ్లీషువాళ్లు 1867 దాకా ఆగి అప్పుడు తీసుకున్నారు. కానీ ఆలోపు ఫిరంగి మారిపోయింది. గొట్టం లోపల మరలు కోసి, వెనక నుంచి గుండు పెట్టే ఫిరంగులు వచ్చాక, మైళ్ల దూరంలో అనుకున్న చోటే గుండు పడేది. రాకెట్‌కు ఉన్న ఒకే ఒక్క గొప్ప, ఫిరంగి బరువు మోయనక్కర్లేకపోవడం. కొండల్లో, అడవుల్లో, ఆఫ్రికా యుద్ధాల్లో ఆ గొప్ప మీదే బతికింది. 1879లో జులూల మీద కూడా వేశారు.

మైసూరువాళ్లకు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసనే నా నమ్మకం. ఒక మనిషి భుజాన కట్ట వేసుకుని పొదల్లో నడిచి వెళ్లి, నేల మీద ఆనించి వెలిగించి పారిపోవచ్చు. టిప్పు ఒక్కో కుషూన్‌కు, అంటే బ్రిగేడుకు, 200 మంది రాకెట్‌వాళ్లను పెట్టాడు. ఒకటి గురి తప్పుతుందని తెలిసే కుప్పగా వదిలించాడు. చక్రాల బండ్ల మీద పెట్టి ఒకేసారి అనేకం వదలడం కూడా చేశారు. 1941 జులైలో ఓర్షా రైల్వేస్టేషన్ మీద రష్యావాళ్లు కత్యూషా రాకెట్లు మొదటిసారి వదిలింది కూడా ఇదే లెక్కతో. ఒక్కోటి ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు, అన్నీ కలిసి స్టేషన్ మీద పడ్డాయి.

---

గుత్తికోట | సోమవారం ఉదయం 6:40

కత్యూషాకు వేరే దారం తెరుస్తున్నా, అక్కడికి రండి. ఈలోపు ఎవరైనా హేల్ రాకెట్ లోపలి కోత బొమ్మ ఉంటే పెట్టండి. ఆ ఓర రంధ్రాలు ఎలా ఉంటాయో నాకు ఇంకా బుర్రకెక్కలేదు.